సెల్లారులో రెండే గేర్లు

మొన్న ఉద్యోగంలో కొత్తగా చేరిన ఇద్దరు ప్రొబేషన్ అధికారులు మా ఇంటికొచ్చారు. బాల నేరాలకు అసలు కారణమేమిటో ఒక్క ముక్కలో చెప్పమని అడిగారు. ఒక్క ముక్కలో తేలేదయితే నేను ఇన్నేళ్ళు బోరబండ మెట్లెక్కి దిగి మోకాళ్ళు అరగదీసుకునేదాన్ని కాదని చెప్పి, టీ ఇచ్చి పంపించాను. వాళ్ళు వెళ్ళాక ఒళ్ళు మండింది. పాపం వాళ్ళ మీద కాదు, శిక్షణలో వాళ్ళ చేతికిచ్చిన పుస్తకం మీద. కారణాలన్నీ అందులో వరసగా ఉన్నాయి. సెల్‌ఫోను, సినిమాలు, చెడు సావాసం, తాగే తండ్రి, పట్టించుకోని తల్లి. పిల్లవాడి చుట్టూ ఉన్న లోకమంతా ఆ వరసలో ఉంది, వాడి చేత పని చేయించుకున్నవాళ్ళు తప్ప.

అందుకే ఇది రాస్తున్నాను. నచ్చకపోతే ఆ పుస్తకమే చదువుకోండి.

ముందు, తెలియనివాళ్ళ కోసం మా ఉద్యోగం ఏమిటో చెప్పాలి. పద్దెనిమిది నిండని పిల్లవాడు నేరం చేశాడని పోలీసులు పట్టుకుంటే, మామూలు కోర్టుకు కాదు, బాలల న్యాయ మండలి ముందుకు తీసుకొస్తారు. అక్కడ ఒక మేజిస్ట్రేటు, ఆయనకు అటూ ఇటూ ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చుంటారు. వాళ్ళకి కేసు కాగితాలు తెలుసు, పిల్లవాడు తెలియదు. వాడి ఇల్లెలాంటిది, వీధెలాంటిది, ఎందుకిలా చేశాడు, ఇంటికి పంపొచ్చా, ప్రభుత్వ బాలల హోంలో పెట్టాలా అని తిరిగి చూసి వాళ్ళకు చెప్పేది ప్రొబేషన్ అధికారి. అది నేను. ముందుగానే పదవీ విరమణ తీసుకున్నాను కాబట్టి, అది నేనుగా ఉండేదాన్ని అనాలి. ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవే తక్కువ, వాటి కథ వినేవాళ్ళు మరీ తక్కువ.

ఇంకొక్క మాట. కోతలు కోస్తానని మా చుట్టాల్లో నాకు పేరుంది. ఆ పేరు చెడగొట్టుకునే ఉద్దేశం నాకు లేదు. ఏది కోతో ఏది కాదో మీకే తెలిసిపోతుంది.

లేచి వెళ్ళిపోయిన ఏనుగు

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కొండాపూర్‌లో ఇళ్ళకు నంబర్లు లేవు, బండలున్నాయి. చిరునామాలన్నీ బండల మీదే నడిచేవి. ఒక పిల్లవాడి కాగితంలో "పడుకున్న ఏనుగు బండ పక్క గుడిసె" అని రాసుంది. వెతుక్కుంటూ వెళ్ళేసరికి ఏనుగు లేదు. లేచి వెళ్ళిపోయింది. దాని స్థానంలో ఒక గొయ్యి, గోతిలో ఒక క్రేను. గుడిసె ఎక్కడికి పోయిందని అక్కడున్న మేస్త్రీని అడిగితే, ఏనుగు వెనకాలే పోయిందన్నాడు. నేను రాయదుర్గం దాకా ఆ ఏనుగు అడుగుజాడలు పట్టుకుని నడిచాను. పేడ కూడా కనపడింది. నమ్మకపోతే మీ ఇష్టం.

కానీ గుడిసె పోయిన మాట నమ్మండి. ఆ కుర్రవాణ్ణి పట్టుకున్నది ఇనుప చువ్వలు దొంగిలించాడని. ఎక్కడ? వాళ్ళ గుడిసె ఉన్న చోటే. వాడికి తెలిసిన స్థలం అదొక్కటే కాబట్టి రోజూ అక్కడికే వచ్చి తిరిగేవాడు. నిన్నటిదాకా ఇల్లయినది ఇవాళ్టినుంచి "నిషిద్ధ ప్రాంతం" అయిందని వాడికెవరూ చెప్పలేదు. బోర్డు పెట్టారు గానీ అది ఇంగ్లీషులో ఉంది.

ఈ ఐటీ కారిడార్‌లో పనిచేయబోయేవాళ్ళు ఈ సంగతి ముందు గుర్తు పెట్టుకోవాలి. ఇక్కడ పిల్లవాడు నేరం దగ్గరికి నడిచి వెళ్ళక్కర్లేదు. వాడు నిలబడ్డ చోటే నిలబడి ఉంటాడు. గీతే జరుగుతుంది.

కుర్చీలో కూర్చోకు

నా మొదటి బాసు యాదగిరి సార్. మనిషి పొట్టి, మాట ఇంకా పొట్టి. చేరిన రోజున ఆయన నాకిచ్చిన శిక్షణ మొత్తం ఇది.

"కుర్చీ ఏస్తే కూసోకు మేడం. పిలగాడు యాడ పంటడో అడుగు. ఆడ కూసో. ఆడికెల్లి చూస్తే ఇల్లు ఏందో సమజైతది."

అంతే. తర్వాత ఎన్నో శిక్షణలకు వెళ్ళాను. చల్లటి గదుల్లో, రంగురంగుల బొమ్మలు గోడ మీద వేసి చూపించారు. ఈ ఒక్క మాటకు సమానమైనది ఒక్కటీ వినలేదు.

బోరబండలో ఒక పిల్లవాడు అర్ధరాత్రి దాకా రైల్వేస్టేషన్ దగ్గర తిరుగుతున్నాడని, అక్కడ జేబుదొంగల జట్టులో చేరాడని కేసు. కాగితంలో "తిరుగుబోతు, ఇంటిపట్టున ఉండడు" అని రాశారు. నేను వాళ్ళింటికి వెళ్ళి, వాడు పడుకునే చోటు చూపించమన్నాను. చూపించారు. గడప. ఒకే గది, అందులో ఏడెనిమిది మంది, వీడికి గడపకు అడ్డంగా చాప. ఆ చాప మీద కూర్చున్నాను. కూర్చున్న కాసేపటికే బావ నన్ను దాటి బయటికెళ్ళాడు, మేనత్త దాటి లోపలికొచ్చింది, ఎవరిదో చెప్పు నా చీర కుచ్చిళ్ళ మీద పడింది. అప్పుడర్థమైంది. బావ రెండో షిఫ్టు నుంచి తిరిగొచ్చేదాకా అక్కడ ఎవరూ పడుకోలేరు. అందరూ లోపలికి చేరాకే వీడికి పడక దొరుకుతుంది. అందుకని స్టేషన్‌లో కూర్చునేవాడు. అక్కడ లైటుంది, ఫ్యానుంది, దాటి వెళ్ళేవాళ్ళు లేరు. పక్కన కూర్చున్నవాళ్ళు జేబుదొంగలు. పక్కన కూర్చున్నవాళ్ళు పురోహితులయితే వీడికి మంత్రాలు వచ్చేవి.

నేను చేసిందల్లా బియ్యం డబ్బాలు మంచం కిందికి తోయించి ఆ మూల వాడికి ఇప్పించడం. దానికి వాళ్ళ నాయనమ్మతో ఒక పూటంతా పోట్లాడాను. బియ్యం డబ్బాలు ఈశాన్యంలోనే ఉండాలట. మనవడు ఏ దిక్కున ఉండాలో శాస్త్రంలో లేదు కదా అన్నాను. డబ్బాలు కదిలాయి. ఆ పిల్లవాడు మళ్ళీ మా దగ్గరికి రాలేదు.

నేర నివారణ అని మీరు పెద్ద పెద్ద మాటలు వింటారు. అందులో సగం ఇదే. చీకటి పడేసరికి పిల్లవాడు వాలడానికి ఇంట్లో ఒక చోటు.

అద్దాల మేడ యాత్ర

తర్వాత వచ్చిన బాసును మేము విజన్ సార్ అని పిలిచేవాళ్ళం. ఆయన మాట్లాడితే ప్రతి వాక్యంలోనూ విజన్ వచ్చేది. మంచినీళ్ళడిగినా అందులో ఒక విజన్ ఉండేది.

ఆయన సిద్ధాంతం ఏమిటంటే, పేద పిల్లలు విజయాన్ని దగ్గర్నుంచి చూడలేదు కాబట్టి నేరం చేస్తున్నారు. చూపిస్తే మానేస్తారు. ఇదేదో ఆకలితో ఉన్నవాడికి మిఠాయి కొట్టు చూపించినట్టుంది సార్ అన్నాను. వినలేదు. హోంలో ఉన్న పిల్లల్ని వ్యానెక్కించి రాయదుర్గంలో ఒక అద్దాల మేడకు తీసుకెళ్ళాడు. గేటు దగ్గర పిల్లలందరి జేబులూ తడిమారు, మమ్మల్ని తడమలేదు. వీళ్ళకి పెద్ద లిఫ్టు ఇవ్వం, సరుకుల లిఫ్టు పాడైంది అన్నారు. మెట్లెక్కించారు. ఎన్ని అంతస్తులని అడక్కండి, మధ్యలో ఒకచోట మేఘాలు అడ్డొచ్చాయి, చేత్తో తోసుకుంటూ ఎక్కాం. పైన ఒకాయన కోటు వేసుకుని, కష్టపడితే ఇక్కడున్నదంతా మీదే అని ఉపన్యసించాడు.

తిరిగొచ్చాక వ్యాన్‌లో చూస్తే ప్రతివాడి జేబులోనూ చక్కెర పొట్లాలు, కాఫీ కలుపుకునే పుల్లలు, చెయ్యి తుడుచుకునే కాగితాలు. విజన్ సార్ కళ్ళెర్రజేశాడు. ఒక పొట్టివాడు ఏ తొట్రుపాటూ లేకుండా జవాబు చెప్పాడు.

"కష్టపడితే మీదే అన్నరు కద సార్. అన్ని మెట్లెక్కినం, కష్టపడ్డట్టే కద."

విజన్ సార్ ఆ రాత్రి నివేదికలో పిల్లల్లో "సంస్కార లోపం" ఉందని రాశాడు. నన్నడిగితే ఆ వ్యాన్‌లో తర్కం సరిగ్గా తెలిసినవాడు ఆ పొట్టివాడొక్కడే.

తాళాల గోడ

ఇప్పుడు అసలు కేసు. పేర్లు మార్చాను, అపార్ట్‌మెంటు పేరు చెప్పను. కొండాపూర్‌లో అలాంటివి వీధికి పది ఉన్నాయి, ఎవరికి వాళ్ళు తమదే అనుకుంటే నాకు సంతోషం.

పిల్లవాడి పేరు నరేశ్ అనుకుందాం. పదహారేళ్ళు. తండ్రి ఆ అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. తల్లి ఎల్లమ్మ మెట్లు కడుగుతుంది, నాలుగైదు ఫ్లాట్లలో గిన్నెలు తోముతుంది. పాలమూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు. సెల్లారులో నీళ్ళ మోటారు పక్కన గదిలో కాపురం. ఒకనాడు తెల్లవారుజామున నరేశ్ ఒక ఫ్లాటువాళ్ళ కారు బయటికి తీసుకుపోయాడు. తిరిగి తెస్తూ గేటు స్తంభానికి అద్దం తగిలించాడు. ఆ కారు అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి మురళీకృష్ణ గారిది. ఆయన పెద్ద కంపెనీలో పెద్ద ఉద్యోగి, గుంటూరు వైపు మనిషి, మాటకు ముందు అండి, మాటకు వెనక అండి. ఆయన ఫిర్యాదు రాసిచ్చారు. ఒక్క కారు సంగతే అయితే పిల్లవాణ్ణి తల్లితో పంపేసేవారు. కానీ ఆయన అంతకుముందు ఏడాదిలో ఆ సెల్లారులో పోయిన స్టెప్నీ, ఒక సైకిలు, ఎవరిదో ల్యాప్‌టాప్ బ్యాగు అన్నీ కలిపి రాశారు. వెనక ముఠా ఉందన్నారు. దాంతో నరేశ్‌ని హోంలో ఉంచారు.

నా ముందున్న ప్రశ్న ఒక్కటే. పిల్లవాడు దొంగ అని తేలితే ప్రత్యేక గృహానికి పోతాడు, కొన్ని నెలలో, ఏడాదో, ఇంకా ఎక్కువో. దొంగ కొడుకున్న వాచ్‌మన్‌ని సంఘం ఉంచుకోదు, అమ్మానాన్నలకు గది పోతుంది. కాదని తేలితే తల్లి దగ్గరికి వస్తాడు. ఎల్లమ్మ నన్ను చూసినప్పుడల్లా అడిగింది ఆ ఒక్కటే. "మావోడు ఇంటికొస్తడా మేడం." మోటారు మోత మధ్య ఆ ప్రశ్న నాకు రెండు మూడుసార్లు వినపడకపోయినా పెదాల కదలికను బట్టి తెలిసేది.

యాదగిరి సార్ చెప్పినట్టే నరేశ్ పడుకునే చోటు చూపించమన్నాను. మోటారు గదికి ఆనుకుని ఉన్న నులక మంచం. దాని మీద కూర్చుని తలెత్తాను.

ఎదురుగా గోడ నిండా మేకులు. ప్రతి మేకుకూ ఒక కారు తాళం. ఒక్కోదాని కింద చాక్‌పీసుతో ఫ్లాటు నంబరు.

మీకు ఆ భవనాల అలవాటు తెలియకపోతే చెప్పాలి. కట్టినప్పుడు ఇంటికో కారు అనుకున్నారు. ఇప్పుడు ఇంటికి రెండు. చోటు మాత్రం పెరగలేదు. అందుకని ఒకదాని వెనక ఒకటి పెడతారు. లోపలి కారువాడు ఎనిమిదింటికి వెళ్ళాలి, బయటి కారువాడు పదింటిదాకా లేవడు. ఎవరి నిద్రా పాడు కాకుండా ఉండాలంటే అందరూ రెండో తాళం వాచ్‌మన్ గదిలో పెట్టాలి, ఎవరైనా కార్లు జరపాలి. వాచ్‌మన్‌కి స్టీరింగ్ ముట్టుకుంటేనే చెమటలు. కొడుకు చురుకైనవాడు. పదిహేనేళ్ళు రాకముందే ఫలానా ఫ్లాటాయన పక్కన కూర్చుని క్లచ్ ఎలా వదలాలో నేర్పించాడట. మిగతావాళ్ళు సంతోషించారు. ఏడాదిన్నరగా ఆ భవనంలో ప్రతి కారునూ పొద్దున్నే ఆ పిల్లవాడే తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. పోలీసు కాగితంలో "చదువు మీద శ్రద్ధ లేదు, కాలేజీ మానేశాడు" అని ఉంది. కాలేజీ తొమ్మిదింటికి. ఆఖరి కారు కదిలేది పదిన్నరకి. ఇక శ్రద్ధ ఎక్కడ నిలబెడతాడు, స్తంభం పక్కనా?

కింద మంచం మీద కూర్చుంటే తప్ప ఇది కనపడదు. సోఫాలో కూర్చుంటే ఏసీ కనపడుతుంది.

పులికి లిఫ్టు

హోంలో నరేశ్‌ని కలిశాను. పోలీసులు అడిగారు, హోం వార్డెన్ అడిగాడు, అందరికీ ఒకటే జవాబు. ఏమో, తెల్వదు.

నిజం చెప్పమని నేను ఏ పిల్లవాణ్ణీ ఎప్పుడూ అడగలేదు. అది దండగ. ప్రశ్నలడిగే పెద్దవాళ్ళ ముందు వాళ్ళు నోరు విప్పరు. కానీ ఎదుటి మనిషి అడ్డగోలుగా అబద్ధమాడుతుంటే మాత్రం సరిదిద్దకుండా ఉండలేరు. ఆ బలహీనత మీద నేను ఇరవై ఏళ్ళకు పైగా జీతం తీసుకున్నాను.

వాడి పక్కన కూర్చుని, నాకంతా తెలిసిపోయిందిలే అన్నాను. ఆ కారులో శ్రీశైలం దాకా పోయావు, అడవిలో పులి చెయ్యి ఊపితే లిఫ్టిచ్చావు, అది వెనక సీటులో కూర్చుని ఏసీ పెంచమంది, సున్నిపెంటలో దింపితే థాంక్సు కూడా చెప్పకుండా పోయింది. ఇదంతా మండలి ముందు చెప్పేస్తాను, పులిని సాక్షిగా పిలుస్తాం.

నవ్వు ఆపుకుంటూ పెదవి కొరుక్కున్నాడు.

"పులి లేదు గిలి లేదు మేడం. కేబుల్ బ్రిడ్జి దాకనే పోయిన."

ఎందుకని నేనడగలేదు. పులి ఏ సీటు బెల్టు పెట్టుకుందని అడిగాను. అప్పుడు మొత్తం చెప్పాడు. సెల్లారులో కారు నడిపితే ఫస్టు గేరు, రివర్సు గేరు, గంతే. స్తంభాల మధ్య ముందుకు నాలుగు అడుగులు, వెనక్కి నాలుగు అడుగులు. ఏడాదిన్నర అదే. ఆటోమేటిక్ బండ్లల్ల మజా లేదన్నాడు. మురళీకృష్ణ సారు కారుకు గేర్లున్నాయి.

"సెకండ్ గేర్ల బండి ఎట్ల పోతదో చూద్దామనుకున్న మేడం. రోడ్డు మీదికెళ్ళి ఏసిన. ఇంజన్ గుర్రుమనుడు బంద్ అయింది. మెత్తగ పోయింది."

ఆ "మెత్తగ" అన్నప్పుడు వాడి చెయ్యి గాలిలో తనంతట తాను కదిలింది. నేను ఎందరో దొంగల్ని చూశాను. మంచి దొంగలు, చేతకాని దొంగలు, దొంగతనం పేరు చెప్పుకుని ఇంటినుంచి పారిపోయినవాళ్ళు. కారు తీసుకెళ్ళి, చూడాల్సింది చూసి, పాలవాడు రాకముందే దాని చోట దాన్ని పెట్టడానికి తిరిగొచ్చే దొంగ నాకు తగల్లేదు. స్టెప్నీ సంగతి, సైకిలు సంగతి అడిగితే మొహం చిట్లించాడు. రోజూ అన్ని కార్ల తాళాలూ తన నెత్తి మీదే ఉంటే స్టెప్నీ ఎవడిక్కావాలన్నాడు. వాదన బలంగానే ఉంది.

తీసెయ్యని పేరా

నా నివేదిక రాశాను. మా నివేదికలో "నేరానికి కారణం" అని ఒక గడి ఉంటుంది. అందరూ అక్కడ చెడు సావాసం అని రాస్తారు, చెయ్యి దానంతటదే రాసేస్తుంది. నేను "సెకండ్ గేరు" అని రాశాను. కింద ఒక పేరా రాశాను. ఏడాదిన్నరగా ఈ మైనరు చేతికి ఏయే ఫ్లాటువాళ్ళు కారు తాళాలిచ్చారో, మైనరుకు బండి ఇస్తే బండి యజమానిదే తప్పని చట్టం ఏమంటోందో రాసి, ఈ పిల్లవాడు దొంగయితే అతనికి కారు అప్పగించినవాళ్ళందర్నీ కూడా పిలిపించవలసి ఉంటుందని ముగించాను.

విజన్ సార్ అది చదివి తలుపు వేయించాడు. ఆ భవనంలో ఎవరెవరు ఉంటారో తెలుసా అన్నాడు. ఆ పేరా తీసెయ్యమన్నాడు. పిల్లవాడి మీద కాస్త జాలి పుట్టేలా తండ్రి తాగుబోతని రాస్తే సరిపోతుంది కదా అన్నాడు.

ఆ తండ్రి బీడీ కూడా ముట్టడు. కొడుకుని విడిపించడానికి తండ్రిని తాగుబోతును చేయాలట. ఈ ఉద్యోగంలో ఇదొక పాత అలవాటు, మీకూ నేర్పుతారు. జాలి కావాలంటే ఇంటిని ముక్కలు చెయ్యి. నేను చెయ్యనన్నాను.

"మీకు వద్దనిపిస్తే మీ సంతకంతో ఇంకోటి రాసుకోండి సార్. దీని మీద ఉన్నది నా సంతకం."

నివేదిక అలాగే వెళ్ళింది. నాకు ఒక మెమో వచ్చింది. మందపాటి కాగితం. వంటింట్లో నూనె డబ్బా కింద వేశాను, జిడ్డు బాగా పీల్చింది. ప్రభుత్వ కాగితాల్లో అంత పనికొచ్చింది నేనింకోటి చూడలేదు.

చిన్నపిల్లాడు కదండీ

విచారణ రోజు వచ్చింది. మండలిది మామూలు గదే, బోను ఉండదు, ఖాకీ బట్టలు ఉండవు. బల్లకు అటు మేజిస్ట్రేటు గారు, ఇటు మేము. ఎల్లమ్మ పెళ్ళిళ్ళకు కట్టుకునే చీర కట్టుకొచ్చింది. నరేశ్ ఆమె వైపు చూడలేదు, చూస్తే ఏడుస్తానని భయం. మురళీకృష్ణ గారు ఇస్త్రీ మడత నలగకుండా కుర్చీ అంచున కూర్చున్నారు.

మేజిస్ట్రేటు గారు నెమ్మదస్తుడు. నా నివేదిక చదివి, గట్టిగా ఏమీ అనలేదు. తాళం వాచ్‌మన్ గదిలోకి ఎలా వచ్చిందని అడిగారు. అందరూ పెడతారండి, అది మా దగ్గర పద్ధతండి అని చెప్పారు మురళీకృష్ణ గారు. కారు జరపమని నరేశ్‌కి మీరెప్పుడైనా చెప్పారా అని అడిగారు. చెప్పేవాణ్ణండి, రోజూ వాడే కదండీ తీస్తాడు, మంచి ఒడుపుందండి వాడి చేతిలో, మా ఇంట్లో పిల్లాడిలాగే చూశామండి, అందుకే మనసుకి కష్టమైందండి అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. నాకు తెలుసు. ఆయన నిజంగానే నొచ్చుకున్నారు.

మీకు పిల్లలెంతమంది అని అడిగారు మేజిస్ట్రేటు గారు. ఒక్కడేనండి, వీడి ఈడేనండి, పదహారు అన్నారు. ఆ అబ్బాయికి కారు తాళం ఇస్తారా అని అడిగారు.

"అబ్బే, లేదండి. చిన్నపిల్లాడు కదండీ."

సామాజిక కార్యకర్తల్లో ఒకావిడ కలం కింద పెట్టింది. మురళీకృష్ణ గారు తను అన్న మాట తనే మళ్ళీ విన్నట్టున్నారు. నరేశ్ వైపు తిరిగారు. మొదటిసారి ఆ పిల్లవాణ్ణి చూసినట్టు, మీసమైనా రాని ఆ పెదవిని, హోం వాళ్ళిచ్చిన వదులు చొక్కాలో కనపడకుండా పోయిన భుజాల్ని చూశారు. తర్వాత స్టెప్నీ, సైకిలు, బ్యాగు సంగతి తనకు తెలియదని, ఎవరో అంటే రాశానని చెప్పారు. ఆ మాట ఆయనే చెప్పారు, ఎవరూ అడగలేదు. అది ఆయన ఖాతాలో రాయాలి, రాస్తున్నాను.

మండలి నరేశ్‌ని మందలించి, తల్లికి అప్పగించింది. నెలకోసారి నేను చూసి రావాలంది.

ఇక్కడ కొత్తగా చేరినవాళ్ళకు నా మాట ఒకటుంది, మెత్తగా చెప్పను. ఆ పదహారేళ్ళ పిల్లలిద్దరూ ఒకే భవనంలో ఉంటారు. పైన ఉన్నవాడు స్నేహితుడి బండి అడక్కుండా తీసుకెళ్ళి గుద్దితే, రెండు కుటుంబాలు కాఫీ తాగి మాట్లాడుకుంటాయి. దాన్ని అల్లరి అంటారు. మన దగ్గరికి రాదు. మన దగ్గరికి వచ్చేది కింది అంతస్తు. అప్పుడు మనం లెక్కలు తీసి, కింది అంతస్తులోనే నేరం ఎక్కువ ఉందని తేల్చి, వాళ్ళకి నీతి తరగతులు పెడతాం. పని చేసేటప్పుడు పెద్దవాడు, జీతమడిగేటప్పుడు పిల్లవాడు, ఏదైనా పోయినప్పుడు దొంగ. ఈ మూడు వేషాలూ ఒక్కడి చేత వేయిస్తూ, వాడు పాడైపోతున్నాడని సభలు పెట్టడం నాకు చేతకాలేదు. పెట్టేవాళ్ళ సభలకు నేను వెళ్ళలేదు, వెళ్ళినప్పుడు పిలిచినవాళ్ళు పశ్చాత్తాపపడ్డారు. నివారణ కావాలంటే నీతి తరగతి కింద పెట్టకండి, పైన పెట్టండి. పదహారేళ్ళవాడికి పదహారేళ్ళే అని మొదటి పాఠం. ఆ పాఠం చెప్పడానికి ధైర్యం లేకపోతే వేరే ఉద్యోగం చూసుకోండి, చక్కెర పొట్లాలు ఉచితంగా ఇచ్చే ఆఫీసులు ఇక్కడ బోలెడున్నాయి.

మర్నాడు పొద్దున

నెల తర్వాత వెళ్ళాల్సింది, నేను మర్నాడే వెళ్ళాను. వాచ్‌మన్‌ని తీసేద్దామని సంఘంలో మాట వచ్చిందట. తీసేస్తే తాళాల సంగతి మళ్ళీ పైకొస్తుందని ఒక లాయరు ఫ్లాటాయన చెప్పాడట. ఊరుకున్నారు. రాత్రికి రాత్రే అందరూ వచ్చి ఎవరి తాళం వాళ్ళు పట్టుకెళ్ళారు.

నేను వెళ్ళేసరికి ఎనిమిదిన్నర. సెల్లారులో దిగుతుంటేనే హారన్లు. లోపలి కార్లన్నీ ఇరుక్కున్నాయి. బయటి కార్లవాళ్ళు లుంగీల్లో, నైటీల మీద చున్నీలతో, ఒక్కొక్కరే తాళాలు పట్టుకుని దిగుతున్నారు. ఒకాయన అమెరికాలోని ఏదో సర్వర్‌ని ఇక్కడినుంచే నడుపుతాడట, కారు రివర్సు చేయలేక స్తంభాన్ని ముద్దు పెట్టుకున్నాడు. ఒకావిడ ముందుకు తీయమంటే వెనక్కి తీసింది. రోడ్డు మీదికి చేరాల్సిన కార్లన్నీ ఒకదాన్నొకటి చూసుకుంటూ నిలబడ్డాయి. ఆ వరస గచ్చిబౌలి దాకా ఉందని చెబుదామనుకున్నాను గానీ, సెల్లారు గోడ అడ్డొచ్చింది.

ఎల్లమ్మ మోటారు గది ముందు కూర్చుని బియ్యం ఏరుతోంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. మురళీకృష్ణ గారు వచ్చారు. చేతిలో, తన కారుకు అడ్డున్న పక్క ఫ్లాటువాళ్ళ బండి తాళం. నన్ను గమనించలేదు.

నరేశ్‌ని ఒక్క ఐదు నిమిషాలు లేపమన్నారు. తొమ్మిదింటికి మీటింగు ఉందని, తన కారు వెనక ఇరుక్కుందని చెప్పారు. ప్లీజ్ అని కూడా అన్నారు.

ఎల్లమ్మ చేటలో రాయి ఏరి పక్కన పడేసింది. తలెత్తి, గొంతు పెంచకుండా చెప్పింది.

"చిన్న పిలగాడు సార్. కారెట్ల తీస్తడు."

మురళీకృష్ణ గారు ఇటు తిరిగారు. అప్పుడు నన్ను చూశారు. నేను మోటారు వైపు చూశాను, అది చాలా చూడముచ్చటైన మోటారు. ఆయన ప్యాంటు మడిచి, పక్క ఫ్లాటు కారులో కూర్చుని, తనే తీయడానికి బయల్దేరారు. ఇంజను రెండుసార్లు ఆగిపోయింది.

ఎల్లమ్మ వెనక గదిలో నులక మంచం మీద నరేశ్ దుప్పటి తన్నేసి, కాళ్ళు మంచం బయటికి వేలాడేసి, నోరు తెరిచి నిద్రపోతున్నాడు. సెల్లారు మొత్తం హారన్లతో మోగిపోతోంది. వాడు ఒకసారి కదిలి, గోడ వైపు తిరిగి, మళ్ళీ పడుకున్నాడు.